ఫోను అవతల ఒక మనిషి

తక్కువ డబ్బుతో తీసిన సైన్స్ ఫిక్షన్ థ్రిల్లర్లలో శాస్త్రవేత్త ఎందుకో ఎప్పుడూ ఒంటరివాడే. పెళ్లాం ఉండదు, ఉంటే దండ వేసిన ఫొటోలో ఉంటుంది. అసిస్టెంటు ఒకడుంటాడు గానీ ఇంటర్వెల్ లోపలే పోతాడు. నేలమాళిగలో ఒక యంత్రం, దానికి చుట్టిన రాగి తీగ, నడుమ నీలి వెలుగు. "ఇది గెలిస్తే ప్రపంచానికి ఇక కరెంటు కరువుండదు" అని గోడకు చెప్పుకుంటాడు, మీట లాగుతాడు, ఊరంతా చీకటవుతుంది. అక్కడి నుంచి ఎవరు బతుకుతారా అన్నదే కథ.

ఈ ఒంటరితనాన్ని పుట్టించింది కథ కాదు, బడ్జెట్. నలుగురికి మించి నటులకు డబ్బివ్వలేరు గనక శాస్త్రవేత్తకు చుట్టాల్లేరు, ఆఫీసు లేదు, పైఅధికారి లేడు. డబ్బు లేకపోవడాన్ని నేను తప్పుపట్టను. 2004లో సన్‌డాన్స్ పండుగలో పెద్ద బహుమతి గెలిచిన ఒక అమెరికన్ సైన్స్ ఫిక్షన్ సినిమాకు అయిన ఖర్చు 7,000 డాలర్లు. కారు షెడ్డులో ఇద్దరు ఇంజనీర్లు ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుకుంటూ ఉంటారు, మనకు సగం అర్థం కాదు, అయినా లేవబుద్ధి కాదు. గమనించండి, అందులో ఇద్దరున్నారు. ఒకడికి తెలిసింది ఇంకొకడికి తెలియకపోవడమే అక్కడ భయం.

నా వాదన కూడా అదే. శక్తితో చేసే ప్రమాదకరమైన ప్రయోగం ఏదీ ఒక్కడు చేసే పని కాదు. అందులో ప్రాణాలు తీసేది యంత్రం కన్నా ముందు, ఇద్దరు మనుషుల నడుమ జారిపోయిన ఒక మాట. ఆ రెండో మనిషిని తెర మీద చూపించాల్సిన పని కూడా లేదు, ఫోనులో గొంతు చాలు. గొంతుకు మేకప్ అక్కర్లేదు, భోజనం ప్యాకెట్టు అక్కర్లేదు, డేట్ల గొడవ లేదు. పేద సినిమాకు ఇంతకన్నా చవకైన భయం దొరకదు. అయినా మనవాళ్లు దాన్ని వదిలేసి గ్రాఫిక్స్ కోసం అప్పు చేస్తారు.

దీని మీద నాకింత పట్టింపు ఎందుకంటే, నేను అనంతపురం జిల్లాలో 33 వేల వోల్టుల కరెంటును 11 వేలకు దించే ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటర్ని. ఊరి పేరు అక్కర్లేదు. కంచెలో ఒక పవర్ ట్రాన్స్‌ఫార్మర్, దాని నుంచి ఊళ్లకు పోయే లైన్లు, అంటే ఫీడర్లు, ఒక ప్యానల్ గది, గంటగంటకూ రీడింగులు రాసే లాగ్‌షీటు, ఒక ఇనుప కుర్చీ, ఒక ఫోను. రాత్రి డ్యూటీలో నేను సినిమాలు చూడనని ఇక్కడ రాతపూర్వకంగా మనవి చేసుకుంటున్నాను. పగలు చూస్తాను. సైన్స్ ఫిక్షన్ అయితే బాగున్నా బాగలేకున్నా చివరిదాకా చూస్తాను.

ఈ సంగతి తెలిసి మా వైపు కుర్రాళ్లు కొందరు ఒక స్క్రిప్టు పట్టుకొచ్చారు. ఇద్దరు ఇంజనీరింగు చదివారు, ఒకడు పెళ్లిళ్లకు వీడియో తీస్తాడు, ఒకడు కీబోర్డు వాయిస్తాడు. చేతిలో ఆరు లక్షలు ఉందట. కథేమిటంటే, అమెరికా నుంచి తిరిగొచ్చిన శాస్త్రవేత్త బెలుం గుహల అడుగున రహస్య ల్యాబు పెట్టి, శూన్యంలోంచి శక్తి లాగుతాడు. ప్రయోగం చెయ్యి దాటుతుంది. గండికోట లోయ మీద ఆకాశం చీలుతుంది. చివర్న లోయ అంచున ఫైటు.

"ఎట్లుందన్నా?" అని అడిగాడు డైరెక్టరు కుర్రాడు.

"బెలుం గుహల్లో టూరిజం వాళ్ల రంగు లైట్లుంటాయి కదప్పా, రహస్యం యాడుంది?" అన్నాను. నవ్వారు గానీ నొచ్చుకున్నారు. గండికోటను ఇప్పటికే తెలుగు కెమెరాలన్నీ అన్ని వైపుల నుంచీ చూసేశాయి, ఆ రాళ్లకు కూడా విసుగొచ్చి ఉంటుందని అనబోయి ఊరుకున్నాను. అసలు ప్రశ్న ఒకటి అడిగాను. మీ శాస్త్రవేత్త మీట లాగేముందు ఎవరికి ఫోన్ చేస్తాడు?

ఎవరికీ చెయ్యడట. రహస్యం కదా.

అప్పుడు వాళ్లకు ఎల్‌సి గురించి చెప్పాను. ఎల్‌సి అంటే లైన్ క్లియర్. స్తంభం ఎక్కేముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తాడు. "అన్నా, చెరువు దగ్గర జంపర్ తెగింది, ఫీడరుకు ఎల్‌సి ఇయ్యి." నేను ఆ ఫీడర్ బ్రేకర్ ఆపుతాను, లైనును కంటికి కనిపించేలా విడదీసే ఐసొలేటర్ తీస్తాను, లైను మీద మనుషులు పనిచేస్తున్నారన్న బోర్డు ప్యానల్‌కు తగిలిస్తాను. రిజిస్టర్‌లో టైము, పేరు, చోటు రాసి ఒక నంబరు చెబుతాను. ఆ నంబరు అతను నాకు తిరిగి చెప్పాలి. అక్కడ అతను లైనును నేలకు కలిపే ఎర్త్ రాడ్డు తగిలించి పైకెక్కుతాడు. పనయ్యాక దిగి, రాడ్డు తీసి, మనుషులంతా పక్కకొచ్చారని చూసుకుని, అదే నంబరు చెప్పి ఎల్‌సి రిటర్న్ చేస్తాడు. అప్పుడే నేను లైను చార్జ్ చేస్తాను.

"ఇందులో థ్రిల్లర్ ఏముందన్నా?" అన్నాడు వాడు.

ఒకే ఫీడరు మీద ఇద్దరు ఎల్‌సి తీసుకున్నారనుకో అన్నాను. ఒకాయన ఊరి ఈ చివర, ఇంకొకాయన నాలుగు కిలోమీటర్ల అవతల తోటల్లో. మొదటాయన రిటర్న్ చేశాడు. రెండో ఆయన ఫోను స్విచాఫ్. రాత్రి పదకొండు. ఊళ్లో పెళ్లి, మైకు ఆగిపోయింది. సర్పంచి ఫోను, పెళ్లికూతురి మేనమామ ఫోను, ఆపైన పెద్దసారు ఫోను: "ఇంకా ఎంతసేపు?" అవతల మనిషి పని ముగించి ఇంటికి పోయి ఫోను చార్జింగు పెట్టుకున్నాడా, ఇంకా స్తంభం మీదే ఉన్నాడా? ప్యానల్ గదిలో కూర్చున్నవాడికి తెలిసే దారి లేదు. ఎదురుగా బ్రేకర్ స్విచ్చి. దాన్ని తిప్పడానికి రెండు వేళ్లు చాలు. ఇక్కడ కెమెరా కదలక్కర్లేదు, సంగీతం అక్కర్లేదు. మోగే ఫోను, మోగని ఫోను, రెండూ ఒకే బల్ల మీద పెట్టి ఐదు నిమిషాలు చూపించండి.

ఇంకొకటి కూడా చెప్పాను. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. బ్రేకర్ ఆపారు, బోర్డు తగిలించారు. అదే ఫీడరు కింద ఎవరో ఇంట్లో మెయిన్ తియ్యకుండా జనరేటర్ వేసుకున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పనిచేసే వస్తువు. ఇంటి వైపు నుంచి మామూలు కరెంటు తోస్తే, అవతలి వైపు 11 వేల వోల్టులై లైనెక్కుతుంది. ఆపిన లైను బతికిపోతుంది. స్తంభం మీది మనిషికి తెలియదు, సబ్‌స్టేషన్‌లో ఉన్నవాడికీ తెలియదు, జనరేటర్ వేసినాయన ఐపీఎల్ చూస్తుంటాడు. ఎర్త్ రాడ్డు అందుకే. ముగ్గురూ మంచివాళ్లే, ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. విలన్ లేకుండా చావు దగ్గరికొచ్చే దారి మా పనిలో రోజూ ఉంది.

ఇంజనీరింగు చదివిన వాళ్లలో ఒకడు ఒప్పుకోలేదు. "ఇది కరెంటాఫీసు కథన్నా. మాది ఎనర్జీ ఎక్స్‌పెరిమెంట్. స్కేలు వేరే." వాడి మాటలో న్యాయముంది కాబట్టి పెద్ద స్కేలుకే పోదాం.

ప్రపంచంలో అందరికీ తెలిసిన ప్రమాదకర శక్తి ప్రయోగం 1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున చెర్నోబిల్‌లో జరిగింది. అది ప్రయోగమే అన్న సంగతి చాలామంది మరిచిపోతారు. అదీ ఎలాంటి ప్రయోగం? శూన్యంలోంచి శక్తి లాగడం లాంటిదేమీ కాదు. బయటి కరెంటు పోతే రియాక్టరును చల్లబరిచే పంపులకు డీజిల్ జనరేటర్లు అందుకునేదాకా సుమారు ఒక నిమిషం ఖాళీ ఉంటుంది. ఆవిరి ఆగిపోయాక కూడా టర్బైన్ తన బరువుకు తాను కాసేపు తిరుగుతుంది కదా, ఆ తిరుగుడులోంచి వచ్చే కరెంటుతో ఆ నిమిషం గడుస్తుందా అని చూడాలనుకున్నారు. భద్రత కోసం చేసిన పరీక్ష అది. అంతకుముందు చేసినవి ఫలించలేదు, మళ్లీ చేస్తున్నారు. మన దగ్గరైతే బ్యాటరీ బ్యాకప్ టెస్టు అని లాగ్‌బుక్కులో ఒక లైను రాసుకునే పని.

ఏప్రిల్ 25 పగలే చెయ్యాలి. పవర్ తగ్గిస్తూ వస్తున్నారు. మధ్యాహ్నం రెండుకు కీవ్ నుంచి, ఎక్కడెంత కరెంటు పుట్టాలో చూసే గ్రిడ్ కంట్రోలర్ ఫోన్. మాకు కరెంటు కావాలి, ఇంకా తగ్గించొద్దు. ఆగారు. రాత్రి పదకొండు దాటాక గానీ కానివ్వమని మాట రాలేదు. ఈ లోపల ప్రయోగానికి సిద్ధమైన షిఫ్టు దిగిపోయింది, అర్ధరాత్రి కొత్త షిఫ్టు ఎక్కింది. సగం పవర్ మీద అంతసేపు నడిచిన రియాక్టరు లోపల జెనాన్ అనే వాయువు పేరుకోవడం మొదలైంది, అది న్యూట్రాన్లను మింగేస్తుంది. పవర్ తగ్గించబోతే ఏకంగా 30 మెగావాట్లకు పడిపోయింది. కనీసం 700 ఉండాల్సిన చోట, రియాక్షన్‌ను అదుపు చేసే రాడ్లు ఒకటి తర్వాత ఒకటి పైకి లాగి, ముక్కుతూ మూలుగుతూ 200కు తెచ్చారు. 1:23:04కు పరీక్ష మొదలైంది. 1:23:40కి ఆపే బటన్ నొక్కారు. కిందికి దిగే రాడ్ల కొనలకు గ్రాఫైట్ ఉండటంతో, ఆపాల్సిన రాడ్లే మొదటి క్షణాల్లో రియాక్షన్ పెంచాయి.

రాడ్ల నిర్మాణం మీద, ఆ రాత్రి ఆపరేటర్ల మీద బోలెడన్ని పుస్తకాలున్నాయి. సినిమా తీసేవాడిగా నాకు కావలసింది మధ్యాహ్నం రెండు గంటల ఫోను. కీవ్‌లో కూర్చున్న ఆ మనిషి తప్పేమీ చెయ్యలేదు. ఎక్కడో ఇంకో స్టేషను తగ్గింది, సాయంత్రం లోడు పెరుగుతుంది, తన లెక్క తాను చూసుకున్నాడు. గ్రిడ్డును నడిపే లోడ్ డిస్పాచ్ నుంచి ఫోనొస్తే ఎవరైనా ఆగుతారు, నేనూ ఆగుతాను. ప్రయోగం అక్కడే పాడైంది, దాదాపు పదకొండున్నర గంటల తర్వాత పేలింది. ఆ ఫోన్‌తో మొదలయ్యే సినిమాను ఒక్క గదిలో తియ్యొచ్చు.

దీనికి పూర్తి ఎదురైన ఉదాహరణ కూడా ఉంది. 1942 డిసెంబర్ 2, షికాగో యూనివర్సిటీ స్టేడియం మెట్ల కింద స్క్వాష్ ఆడే గది. గ్రాఫైట్ ఇటుకలు, యురేనియం పేర్చి మనిషి చేతుల మీద మొదటి అణు గొలుసు చర్య నడిపారు. సెట్టు ఖర్చు చూడండి: కట్టె చట్రం, నల్ల ఇటుకలు, ఒక తాడు. ఆ తాడుకు అత్యవసరంగా పడాల్సిన రాడ్డు కట్టారు. తాడు నరకడానికి ఒకాయన గొడ్డలితో నిలబడ్డాడు. పైన ముగ్గురు చర్యను ఆర్పే కాడ్మియం ద్రావణం కుండలు పట్టుకుని కూర్చున్నారు. నలభై మందికి పైగా చూస్తున్నారు. పొద్దున పదకొండున్నర దాటాక ఒక రాడ్డు తనంతట తానే ఠక్కున పడింది, దాని హద్దు మరీ తక్కువకు పెట్టారట. అందరి గుండెలూ నోట్లోకొచ్చిన ఆ క్షణంలో, ప్రయోగం నడిపిస్తున్న శాస్త్రవేత్త ఫెర్మి ఆకలేస్తోంది, భోజనానికి పోదాం అన్నాడు. పోయారు. తిని వచ్చి మధ్యాహ్నం 3:25కు సాధించారు. పుట్టిన పవరు అర వాటు, టార్చిలైటు బల్బుకు కూడా చాలదు.

ఆ భోజన విరామం ఏ స్క్రిప్టు డాక్టరూ ఉండనివ్వడు, టెన్షన్ పడిపోతుందంటాడు. నాకు మాత్రం ఆ కథలో అన్నిటికన్నా భయం కలిగించేది అదే. గొడ్డలి మనిషి కూడా భోజనానికి పోయాడా? గొడ్డలి ఎక్కడ ఆనించి పోయాడు?

నీలి వెలుగు పూర్తిగా అబద్ధమని మాత్రం అనను. 1946 మే 21న అమెరికా అణుబాంబు ల్యాబు లాస్ అలమోస్‌లో శాస్త్రవేత్త లూయిస్ స్లోటిన్ చేతిలో స్క్రూడ్రైవరు జారి, ప్లుటోనియం గోళం మీద బెరీలియం చిప్ప మూతపడినప్పుడు గదిలో నీలి వెలుగు మెరిసింది. తొమ్మిది రోజులకు ఆయన చనిపోయాడు. ఆ గదిలో ఇంకా ఏడుగురున్నారు. అక్కడా ఒంటరి శాస్త్రవేత్త లేడు.

ఇక మన దగ్గరికి వద్దాం. "మనకాడ అంత పెద్ద ప్రయోగం యాడ జరిగిందన్నా?" అని కెమెరా కుర్రాడు అడిగాడు. 2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదికి నువ్వేం చేస్తాంటివి అని అడిగాను. మిద్దె మీద దీపం పట్టుకుని నిలబడ్డాడట. అదే ప్రయోగం అన్నాను.

కరోనా లాక్‌డౌన్‌లో తొమ్మిది నిమిషాలు లైట్లాపమని ప్రధాని పిలుపిచ్చిన రాత్రి అది. రెండు రోజుల ముందు చెప్పారు. బయటివాళ్లకు అది భక్తి, ఐకమత్యం, కొందరికి ఎగతాళి. కరెంటోళ్లకు మాత్రం గొంతులో వెలక్కాయ. ఎందుకంటే కరెంటును పెద్దగా నిల్వ ఉంచుకుని వాడటం లేదు మనం, పుట్టిన క్షణంలోనే ఖర్చు కావాలి. దేశంలో తిరిగే జనరేటర్లన్నీ ఒకే కాడికి కట్టిన ఎద్దులు, సెకనుకు 50 అడుగులు వేస్తాయి. బరువు ఒక్కసారి తగ్గితే అన్నీ కలిసి ఉరుకుతాయి, పెరిగితే అన్నీ కలిసి ఈడుస్తాయి. ఆ 50 నుంచి మరీ పక్కకు పోతే ఒక్కో స్టేషనూ తన్ను తాను కాపాడుకోవడానికి విడిపోతుంది, ఇక వరసగా చీకటి. 12–14 వేల మెగావాట్లు తగ్గుతుందని అంచనా వేశారు. తగ్గింది దాదాపు 31 వేలు. ఫ్రీక్వెన్సీ, అంటే ఆ అడుగుల లెక్క, 49.70కి, 50.26కి నడుమ ఊగింది. అయినా నిలబడింది. జలవిద్యుత్ కేంద్రాలను ముందే ఎక్కించి, సరిగ్గా ఆ నిమిషాల్లో దించి, మళ్లీ ఎక్కించారు. అదంతా చేసింది ఒకరికొకరు ఫోన్లలో మాట్లాడుకున్న మనుషులు. ఆ రాత్రి డ్యూటీలో కూర్చుని లైన్లలో పారే కరెంటును చూపే ఆమ్మీటరు ముళ్లు ఒక్కొక్కటీ కిందికి వంగడం చూసినవాడికి ఏ నేలమాళిగ యంత్రమూ ఆనదు.

అంతకుముందు 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలి అరవై కోట్ల మంది దాకా చీకట్లో పడ్డారు. మనకేమీ కాలేదు, ఎందుకంటే అప్పటికి దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశంతో ఒకే లయలో లేదు. (మామూలు కోతలు మనకు ఎలాగూ ఉండేవి, అది వేరే సంగతి.) 2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైను కలిపాక దేశమంతా ఒకటే లయ. రాయచూరు అంటే మనకు ఎంత దూరం? మంత్రాలయం నుంచి తుంగభద్ర దాటితే చాలు. ఇప్పుడు ఆదోనిలో మీ ఇంటి ప్లగ్గులో ఉండే ఫ్రీక్వెన్సీ, అదే క్షణంలో అమృత్‌సర్‌లో ఉండే ఫ్రీక్వెన్సీ ఒకటే. నూట నలభై కోట్ల మంది గోడలో దాక్కున్న ఒకే ఒక్క అంకె. సైన్స్ ఫిక్షన్ రాసేవాడికి దెయ్యాన్ని ఇంతకన్నా సులువుగా ఎవరిస్తారు?

"మరి ఇదంతా నిజమే కదన్నా, ఫిక్షన్ ఏది?" అన్నారు. ఈ ప్రశ్నకు నా దగ్గర సిద్ధంగా జవాబుంది, చాలా రాత్రుల నుంచి. అబద్ధం ఒక్కటే చెప్పాలి. మిగతా ప్రతి బోల్టూ నిజం కావాలి.

నా అబద్ధం ఇది. కర్నూలు కొండల మీద పగటి సౌర విద్యుత్తుతో నీళ్లు ఎత్తిపోసి, రాత్రి దించి కరెంటు తీసే ప్రాజెక్టు ఉంది. ఊహించుకోనక్కర్లేదు, పిన్నాపురంలో 1,680 మెగావాట్లకు కట్టినదే ఉంది. దాని ఆసరాతో ఒక రాత్రి సీమ మొత్తాన్ని దేశపు గ్రిడ్డు నుంచి కాసేపు విడదీసి సొంతంగా నడిపి చూడాలని ఒక పరీక్ష పెడతారు. పైకి అన్నీ కాగితాలున్న మర్యాదైన పరీక్ష. అన్ని సబ్‌స్టేషన్లకూ మెసేజి వచ్చింది. మన కథ జరిగేది ఆ ప్రాజెక్టు దగ్గర కాదు, వంద కిలోమీటర్ల అవతల ఒక చిన్న సబ్‌స్టేషన్ ప్యానల్ గదిలో. లైన్‌మన్ అంతకు ముందే ఎల్‌సి తీసుకుని స్తంభం మీదున్నాడు. ఫీడర్ ఆగి ఉంది. పరీక్ష మొదలైన నిమిషానికి, ఆగి ఉన్న ఆ ఫీడర్ ఆమ్మీటరు నెమ్మదిగా లేచి 40 ఆంపియర్ల దగ్గర నిలబడుతుంది.

అంతే. మా పనిలో ఉన్న ఎవరికైనా ఈ ముక్క చెప్పి చూడండి, ఒళ్లు జలదరిస్తుంది. ముందు మీటరు చెడిందనుకుంటాడు. వేలితో కొడతాడు. తర్వాత బ్రేకర్‌లో మూడు తీగల్లో ఒకదాని కాంటాక్టు విడవకుండా ఇరుక్కుందేమో అనుకుంటాడు. టార్చి తీసుకుని యార్డులోకి పోతాడు, పాము ఉందేమోనని కాళ్లు తడుతూ. ఎల్‌సి ఇచ్చేముందు తాను తీసిన ఐసొలేటర్ మీద టార్చి వేస్తాడు. లోడు ఉంటే మెరుపు రావాలి. రాదు. మూడు బ్లేడ్లూ విడిపోయి ఆకాశం కనిపిస్తుంటుంది. లోపలికొచ్చి చూస్తే ఇంకా 40. ఫోను మోగుతుంది. "అన్నా, పనైపోయింది, ఎల్‌సి రిటర్న్." గొంతు లైన్‌మన్‌దే. నంబరు అడిగితే మాత్రం చెప్పడు, మాట మారుస్తాడు.

ఆ గొంతు ఎవరిదో నేను చెప్పను, వాళ్లు తీస్తే చూసుకోండి. ఇంతవరకు అయిన ఖర్చు ఒక గది, ఒక మనిషి, ఒక టార్చి.

స్క్రిప్టులోని శూన్యశక్తి మీద నాకు ఇంకో అభ్యంతరం ఉంది. అది సినిమాకన్నా పెద్దది. ఉచిత శక్తి కలను మనవాళ్లకు ఎంత సులువుగా అమ్మొచ్చో 1996లో తమిళనాడు మూలికల పెట్రోలు చూపించింది. నీళ్లలో ఆకులు మరిగిస్తే పెట్రోలు వస్తుందని దేశం దాదాపు నమ్మింది. ఇప్పటికీ ఫోన్లో అయస్కాంతాలు చుట్టూ పెట్టి ఫ్యాను తిప్పే వీడియోలు తిరుగుతూనే ఉన్నాయి. కింద కామెంట్లలో సైంటిస్టులను కంపెనీలు చంపేశాయని వేలమంది. అలాంటి చోట మళ్లీ ఒక సినిమా తీసి, మేధావి ఒకడు ఉత్త శక్తి కనిపెట్టాడు, లోకం ఓర్వలేక పాడుచేసింది అనడం, ఆ వీడియోల వాళ్లకు ట్రైలరు కట్ చేసివ్వడమే.

పైగా సీమలో కరెంటు ఉచితమైతే ఏమవుతుందన్నది ఊహించాల్సిన సంగతి కాదు. 2004 మే 14న ముఖ్యమంత్రిగా వై.ఎస్. రాజశేఖరరెడ్డి పెట్టిన తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మీదే. ఆనాటి రైతుల పరిస్థితిలో అది కావలసిందే, నాకు వేరే అభిప్రాయం లేదు. మా ఇంట్లోనూ బోరుంది. కానీ ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన దరిదాపుల్లో ఉండే అనంతపురంలో కరెంటు ఖరీదు పోయాక నీటి ఖరీదు పెరిగింది. బోర్ల లోతు వందల అడుగుల్లోకి పోయింది. ఆ లెక్క కరెంటు బిల్లులో రాలేదు, బోరు లారీవాడికి కట్టిన డబ్బులో వచ్చింది. శక్తి కథ చెప్పేవాడు ఈ బరువు ఎక్కడికి జరిగిందో చూపించాలి. బెలుం ల్యాబులో పుట్టిన శక్తి ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ల స్క్రిప్టులో ఒక్క డైలాగు లేదు.

దీన్నుంచే ఇంకో దృశ్యం ఇచ్చాను, ఉచితంగా. మా వైపు బోర్లకు ఆటో స్టార్టర్లుంటాయి. కరెంటు రాగానే మోటరు తనంతట తానే లేస్తుంది, రైతు రాత్రిపూట తోటకు పోనక్కర్లేదు. పెట్టొద్దని మేం చెబుతూనే ఉంటాం, ఎందుకంటే వందల మోటర్లు ఒకే సెకనులో లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే బరువు మామూలుది కాదు. ఇప్పుడు ఆ దృశ్యాన్ని మాకు లాగా కాకుండా సినిమా లాగా చూడండి. అర్ధరాత్రి. వేరుశనగ చేలు. మనిషి లేడు. ఒక్కసారిగా దూరం దాకా అన్ని బోర్ల పైపుల్లోంచీ నీళ్లు. కుక్కలు మొరుగుతాయి. సబ్‌స్టేషన్‌లో ఆ ఫీడరు ఇంకా ఆగే ఉంది. గ్రాఫిక్స్ అక్కర్లేదు, నలుగురు రైతులను అడిగి ఒక రాత్రి మోటర్లు వేయిస్తే చాలు.

చోట్ల విషయానికొస్తే, గండికోట వదిలేస్తే సీమలో కొదవేముంది. ఓర్వకల్లు పైన గని, శకునాల అనే ఊళ్ల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు, దాదాపు 5,900 ఎకరాల అద్దాలు. రామగిరిలో మూతబడిన బంగారు గని, దాని చుట్టూ గాలిమరలు. ఎర్రగుంట్ల వైపు పోతే థర్మల్ స్టేషను గొట్టాలు. యురేనియం కావాలంటే వేముల మండలం తుమ్మలపల్లె. అక్కడి సంగతి అడిగారు గానీ నేను వద్దన్నాను. బోరు నీళ్లు చెడిపోయాయని ఆ చుట్టు పల్లెల వాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. వాళ్ల కష్టానికి ఆకుపచ్చ వెలుగు పూసి మనం టికెట్లు అమ్ముకోవడం బాగుండదు. తీస్తే డాక్యుమెంటరీ తియ్యండి. శ్రీశైలం కూడా అలాగే. 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలొచ్చి తొమ్మిది మంది పోయారు. మన గట్టు నుంచి చూస్తే నది అవతలే. ఆ సొరంగాన్ని సెట్టు వేసి థ్రిల్లర్ తియ్యాలన్న ఆలోచన కెమెరా కుర్రాడికి వచ్చింది. ఆ ఇళ్లలో పిల్లలు ఇప్పుడు మీ సినిమాలు చూసే వయసులో ఉన్నారు అన్నాను. వాడు ఇక ఆ మాటెత్తలేదు.

నా వాదనకు బలమైన ఎదురుమాట డైరెక్టరు కుర్రాడే అన్నాడు. "అన్నా, నీకు ఆమ్మీటరు చూస్తే భయమేస్తాది. మా అమ్మకు ఎట్ల భయమెయ్యాల? ఆమెకు 40 అంటే ఏం తెలుస్తాది?" నిజమే. నేర్పాలి. మొదటి ఇరవై నిమిషాలు అదే పని. ఒక మామూలు ఎల్‌సి పూర్తిగా చూపించాలి, నంబరుతో సహా, ఏ ప్రమాదమూ లేకుండా. అందులో లైన్‌మన్ దిగి బీడీ ముట్టించుకున్నాకే ఆపరేటర్ చార్జ్ చేస్తాడు, ముల్లు లేస్తుంది, ఊళ్లో టీవీ మోగుతుంది. ముల్లు సున్నా మీద ఉంటే మనిషి బతికుంటాడు అన్నది వాళ్లమ్మకు డైలాగు లేకుండా తెలియాలి. అది తెలిశాక రెండోసారి ముల్లు కదిలితే ఆమె చేతిలో పల్లీలు ఆగుతాయి. ఆ ఇరవై నిమిషాలు విసుగు పుట్టకుండా తియ్యగలరా అన్నది వాళ్ల పనితనం. అక్కడ నేనేమీ సాయం చెయ్యలేను. అది తియ్యలేని వాళ్లే నీలి లైటు వైపు పోతారని నా అనుమానం.

సబ్‌స్టేషన్‌లో షూటింగుకు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. ప్యానల్‌ను ప్లైవుడ్‌తో చెయ్యమన్నాను. పాత ఇనుప సామాన్ల షాపుల్లో నిజం ఆమ్మీటర్లే దొరుకుతాయి, ముల్లును వెనక నుంచి కదిలించొచ్చు. లాగ్‌షీటు, ఎల్‌సి రిజిస్టరు ఎలా ఉంటాయో గీసిచ్చాను.

శబ్దం గురించి మాత్రం గట్టిగా చెప్పాను. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు, ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుప రేకులు ఒక్కో ఆవృత్తికి రెండుసార్లు సాగి ముడుచుకుంటాయి. అందుకే దాని హోరు 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. కంచె బయట నిలబడి ఫోన్‌తో రికార్డు చేసుకోవచ్చు. సినిమా మొదటి నుంచి ఆ హోరు ప్రతి సీనులో కింద ఉండాలి. పరీక్ష మొదలైన నిమిషం నుంచి దాన్ని కొద్దికొద్దిగా 97కు దించండి. నిజం గ్రిడ్డులో అంత పడనివ్వరు, అంతకు ముందే కొన్ని ఫీడర్లు వాటంతటవే ఆగిపోతాయి, మన ఒక్క అబద్ధంలో అదీ భాగమే అనుకోండి. హాల్లో ఎవరికీ ఏం మారిందో తెలియదు గానీ కుర్చీలో కుదురుగా కూర్చోలేరు. కీబోర్డు కుర్రాడు ఆ హోరు మీద వయొలిన్లు వేస్తానంటున్నాడు. వద్దంటున్నాను. ఆదివారం మళ్లీ వస్తారట, అప్పుడు తేలుస్తాం.